కాకమ్మ కథలు, వాట్సాప్ వ్యాకరణం

ఈ వారంలో ఈ వాట్సాప్ మెసేజ్ నాకు రావడం ఇది మూడోసారి. ముందు సీతమ్మధారలో మా అపార్టుమెంటు గ్రూపు, తర్వాత ఆర్కే బీచ్ వాకింగ్ గ్రూపు, ఇవాళ మా పెద్దమ్మ. అందులో ఉన్నది ఇంతే: ఇంగ్లీషు పిల్లల కథల్లో జంతువులన్నీ 'హీ'. మనం 'అది' అంటాం కాబట్టి మన కథల్లో వివక్ష లేదు. స్త్రీకీ జంతువుకీ 'వచ్చింది' అని ఒకే క్రియ పెట్టింది స్త్రీని ప్రకృతిగా కొలిచి. అంచేత ఆడపిల్లలకి ఇంగ్లీషు కథలు మానిపించండి.

జంతువులన్నీ 'హీ' కావు. 1908 నాటి ఇంగ్లీషు పిల్లల కథలో బాతు జెమైమా, 1952 నాటి 'షార్లెట్స్ వెబ్'లో సాలీడు షార్లెట్, ఇద్దరూ 'షీ'లే. అదే 1908లో వచ్చిన 'విండ్ ఇన్ ద విల్లోస్'లో ముఖ్యులు నలుగురూ మగాళ్లే, సరే.

మన కథల్లో వివక్ష లేదా? చిన్నయసూరి నీతిచంద్రికలో సింహం పింగళకుడు, ఎద్దు సంజీవకుడు, నక్కలు కరటకుడు, దమనకుడు. ఆ చివర 'డు' ఏమిటండీ, తోకా? పైగా వరసలు కలుపుతాం. జిత్తులు నక్కబావకి, వానలో తడిసి తలుపు కొట్టడం కాకమ్మకి. ఆవు-పులి కథ ఉందిగా అంటారు. ఆ ఆవు దూడకి పాలివ్వాలి. 1926లో వచ్చిన 'విన్నీ ద పూ'లో ఉన్న ఒక్క ఆడ పాత్రా పిల్లున్న కంగారూయే. అక్కడైనా ఇక్కడైనా తల్లయితేనే సీటు.

ఇక ఆ ప్రకృతి పూజ. స్త్రీలు, జంతువులు, జడాలు పోగా మిగిలినవి 'మహత్తులు', అంటే మగవాళ్లే గొప్పవాళ్లు, అని అదే చిన్నయసూరి బాలవ్యాకరణంలో మొహమాటం లేకుండా చెప్పాడు. ఇందులో హారతి ఎక్కడ కనిపించింది మీకు? కుర్చీ విరిగింది, కరెంటు పోయింది, కోడలు వచ్చింది. అన్నిటికీ కొబ్బరికాయ కొడదామా? బహువచనంలో ఆవులు 'వచ్చాయి', ఆడవాళ్లు 'వచ్చారు'. ఒక్కతే వస్తే ప్రకృతి, నలుగురొస్తే మనుషులా? తమిళులు 'అవళ్ వందాళ్', 'అదు వందదు' అని విడదీస్తారు. పాపం, వాళ్లకి భక్తి తక్కువేమో! 'వచ్చింది' అంత గౌరవమైతే, ఈ మెసేజ్ పంపిన పెద్దమనిషిని రేపు ఆఫీసులో ఆవిడ ఎదురుగానే "మేనేజర్ మేడమ్ వచ్చింది" అనమనండి.

పుస్తకాలు మానిపించేది ఆడపిల్లలకేనట. మగపిల్లలు ఎంచక్కా చదువుకోవచ్చు కాబోలు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. మొన్న మా మేనకోడలికి నక్క, ద్రాక్షపళ్ల కథ చెప్పాను. బావా గీవా లేకుండా, వట్టి 'అది ఎగిరింది, అందలేదు' అని. తర్వాత అది వేసిన బొమ్మలో నక్కకి రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. అమ్మ వచ్చింది, నక్క వచ్చింది, రెండూ ఒకేలా వినిపిస్తాయి కదా దానికి. ఇంగ్లీషులో 'హీ' అని చదివి ఉంటే ఆ జడలు పడేవి కావు. ఎగిరిన ఊపుకి ఒక జడ పైకి లేచి ద్రాక్షగుత్తికి తగులుతోంది కూడా.