లోపం లేకపోతే సాగేదెలా?

స్ఫటికంలో, అంటే పరమాణువుల క్రమమైన అమరికలో, లోపాలుంటే లోహం బలహీనమని లోహాల మీద వచ్చిన ఒక వ్యాసంలో తేల్చేశారు. అంత తేలిక కాదండీ. నికెల్, అల్యూమినియం కలిసిన నికెల్ అల్యూమినైడ్ (Ni₃Al) సంగతే చూడండి. అందులో పరమాణువులు వరస తప్పకుండా కూర్చుంటాయి. లోహం సాగాలంటే డిస్‌లొకేషన్లు, అంటే అమరికలో గీతలాంటి లోపాలు, కదలాలి. ఒక డిస్‌లొకేషన్ కదిలితే ఆ వరస చెదురుతుంది, వెనకే ఇంకోటి వచ్చి సర్దుతుంది. అందుకే జంటగా నడుస్తాయి. ఒంటి స్ఫటికమైతే ఇలా బాగానే సాగుతుంది. చాలా రేణువులు (చిన్న చిన్న స్ఫటికాలు) కలిసిన ముక్క మాత్రం రేణువుల హద్దుల దగ్గర పుటుక్కున విరిగేది. 1979లో జపాన్‌లో పరిశోధకులు అయోకి, ఇజుమి చిటికెడు బోరాన్ కలిపితే అదీ సాగింది! అసలు దొంగ గాలిలోని తేమ అని తర్వాత బయటపడింది. అల్యూమినియం నీటి ఆవిరి నుంచి హైడ్రోజన్‌ను విడదీస్తుంది, అది హద్దుల్లో దూరి పెళుసు చేస్తుంది. పొడి ఆక్సిజన్‌లో లాగితే బోరాన్ లేకుండానే మెరుగ్గా సాగింది. వ్యాసంలో ఈ తేమ ఊసే లేదు.