విరుగుడు వంటింట్లో దొరకదు

"మందుల పెట్టెలోని రసాయనం పొరపాటున మింగినా, మీద పడినా భయం లేదు, విరుగుడు మీ ఇంట్లోనే ఉంది" అని ఒక సందేశం ఫోన్లలో తిరుగుతోంది. అందులోని సలహాలు నాలుగు: ఉప్పునీళ్లు తాగించి కక్కించండి. పాలు పట్టండి. యాసిడ్ పడితే వంటసోడా, కాస్టిక్ సోడా లాంటి క్షారం పడితే వెనిగర్ పోయండి. గంటసేపు ఏమీ కాకపోతే గండం గడిచినట్టే. మందులు కలిపే గదిలో ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని. ఈ నాలుగూ తప్పని, వీటివల్ల ప్రాణాలు పోవచ్చని చెప్పక తప్పడం లేదు.

"ఉప్పునీళ్లు తాగించి కక్కించండి."

అన్నిటికన్నా పెద్ద ముప్పు ఇదే. వాంతి కాకపోతే ఆ ఉప్పంతా రక్తంలో కలుస్తుంది. సోడియం ఒక్కసారిగా పెరిగితే మెదడు కణాల్లోని నీరు బయటికి వచ్చేస్తుంది, మూర్ఛలు వస్తాయి. అసలు మింగినదానితో కాక, కక్కించడానికి పట్టిన ఉప్పుతోనే మనుషులు చనిపోయిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

పోనీ, వాంతి అయిందే అనుకుందాం. గాఢమైన యాసిడో కాస్టిక్ సోడానో అయితే లోపలికి దిగుతూ కాల్చిన అన్నవాహికను పైకి వస్తూ మళ్లీ కాలుస్తుంది. టర్పెంటైన్, నీలగిరి తైలం లాంటివి వాంతితో పాటు ఊపిరితిత్తుల్లోకి జారితే అక్కడ వాపు పుట్టి ఊపిరే కష్టమవుతుంది. కర్పూరం కలిసిన మందు మింగిన పిల్లలకు నిమిషాల్లోనే మూర్ఛ రావచ్చు. సరిగ్గా అప్పుడే వాంతి అయితే అది శ్వాసనాళంలోకి పోతుంది.

కక్కించడానికి ఇపెకాక్ సిరప్ ఇంట్లో ఉంచుకోమని ఒకప్పుడు వైద్యులే చెప్పేవారు. దాన్ని ఇక ఇళ్లలో వాడొద్దని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2003లో తేల్చిచెప్పింది. దానివల్ల రోగికి మేలు జరిగిందన్న ఆధారం దొరకలేదు. కక్కించడానికే తయారైన మందు సంగతే ఇలా ఉంటే, ఉప్పునీళ్లను ఎలా నమ్ముతాం?

"పాలు పట్టండి, విషం విరిగిపోతుంది."

నిద్రమాత్రను గానీ గుండె మందును గానీ పాలు విరవవు. మగతగా ఉన్నవారి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. విషాన్ని పట్టి ఉంచడానికి ఆసుపత్రిలో ఇచ్చే బొగ్గుపొడి, అంటే యాక్టివేటెడ్ చార్‌కోల్ కూడా ఇనుము మాత్రలను, మానసిక వ్యాధులకు వాడే లిథియాన్ని, ఆల్కహాల్‌ను సరిగా పట్టి ఉంచలేదు. అన్నిటికీ పనిచేసే విరుగుడు అంటూ ఏదీ లేదు.

"యాసిడ్‌కు సోడా, క్షారానికి వెనిగర్."

కాగితం మీద లెక్క సరిపోతుంది. ఒంటి మీద మాత్రం ఆ రెండూ కలిసినప్పుడు పుట్టే వేడి కొత్త గాయం చేస్తుంది. రసాయనాన్ని విరిచే ప్రయత్నం మానేసి కడిగేయాలి. తడిసిన బట్టలు తీసేసి, ధారగా పారే నీటి కింద కనీసం 20 నిమిషాలు ఉంచాలి. కంట్లో పడినా అంతే: రెప్పలు విడదీసి పట్టుకుని కడగాలి, కాంటాక్ట్ లెన్సు ఉంటే తీసేయాలి. క్షారం మరీ మొండిది. కంటి పొరల్లోకి లోతుగా దిగిపోతుంది కాబట్టి మంట తగ్గినా వైద్యుడికి చూపించాల్సిందే.

పొటాషియం పర్మాంగనేట్ స్ఫటికాలు మీద పడితే ముందు పొడిగా దులిపి, తర్వాత కడగాలి. చల్లగా ఉంటుందని గ్లిజరిన్ మాత్రం రాయకండి, ఆ రెండూ కలిస్తే నిప్పు అంటుకుంటుంది. నేల మీద బ్లీచ్ ఒలికినప్పుడు యాసిడ్ పోసి శుభ్రం చేద్దామనుకుంటే క్లోరిన్ వాయువు లేస్తుంది.

"గంటసేపు ఏమీ కాకపోతే భయం లేదు."

దీన్ని నమ్మినవారు విలువైన సమయం పోగొట్టుకుంటారు. పారాసెటమాల్ మోతాదు మించినా మొదటి 24 గంటలు మనిషి మామూలుగానే కనిపించవచ్చు. కాలేయం దెబ్బతిన్నట్టు బయటపడేది ఆ తర్వాతే. దీనికి నిజంగానే ఒక విరుగుడు ఉంది, ఎసిటైల్‌సిస్టీన్. మింగిన 8 గంటల లోపు మొదలుపెడితే దాదాపు పూర్తిగా కాపాడుతుంది, ఆలస్యమయ్యేకొద్దీ దాని బలం తగ్గుతుంది. "కాస్తే కదా మింగాడు" అన్న ధీమా కూడా వద్దు. నొప్పులకు పూసే వింటర్‌గ్రీన్ నూనె చిక్కగా ఉన్నది ఒక చెంచా, అంటే 5 మి.లీ., కడుపులోకి వెళితే 300 మి.గ్రా. ఆస్పిరిన్ మాత్రలు ఇరవైకి పైగా మింగినట్టే.

మరి చేయాల్సిందేమిటి? నోట్లో మిగిలింది తుడిచేయండి. స్పృహ లేకపోయినా ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వెంటనే అత్యవసర సేవకో విష సమాచార కేంద్రానికో ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు చేయండి. ఎన్ని గంటలకు మింగారో గుర్తుపెట్టుకోండి. సీసాను వెంట తీసుకెళ్లండి: మందు పేరు, గాఢత, ఎంత మిగిలింది, ఈ మూడూ డాక్టరుకు కావాలి. తాగునీటి సీసాలోకి వంచి పెట్టుకున్న స్పిరిట్‌కు పేరూ ఉండదు, గాఢతా తెలియదు. అలాంటి సీసా మీ ఇంట్లో ఉంటే దాన్ని ఈరోజే తీసేయండి.