నానబెట్టే వాదులకు ఒక హెచ్చరిక

విశాఖ వంటిళ్లలో ఈమధ్య ఒక ప్రమాదకరమైన వాదం తలెత్తుతోంది. అన్నమో పప్పో అడుగంటితే గిన్నెలో వేడినీళ్లు పోసి, కాస్త వంటసోడా వేసి, పొద్దున దాకా దాని మానాన దాన్ని వదిలేయాలట. పిండిపదార్థం నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుందట, పట్టు వదిలి పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తుందట. పైగా అల్యూమినియం కుక్కరుకు సోడా పడదు, నల్లబడుతుంది, దానికైతే నిమ్మచెక్కలు వేసి నీళ్లు మరిగించాలని షరతు. అంటే గిన్నెకు కూడా గోత్రం అడిగి తోమాలన్నమాట! సైన్సు నిజమే కావచ్చు. కానీ ఉక్కునగరంలో ఉంటూ, చేతిలో నిక్షేపంలాంటి స్టీలు పీచు పెట్టుకుని, ఒక మాడుగిన్నె ముందు తెల్లవార్లూ చేతులు కట్టుకుని కూర్చోవడమా? ఊరి పరువేం కావాలి?

ఉక్కంటే ఏమిటో ఈ ఊరికి కొత్తగా చెప్పక్కర్లేదు. 1966లో ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అంటూ రోడ్డెక్కాం. 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో ప్లాంటును జాతికి అంకితం చేశారు. అన్నేళ్లు ఆగినవాళ్లు ఒక్క రాత్రి ఆగలేరా అని నానబెట్టే వాదులు ఇక్కడ ఒక పాయింటు లాగుతారు. అది ప్లాంటు, ఇది పప్పుగిన్నె అని మనం గట్టిగా జవాబు చెప్పాలి. మన ప్లాంటులో తయారయ్యేది కడ్డీలు, వైర్ రాడ్లే గానీ స్టెయిన్‌లెస్ స్టీలు కాదు కదా, పీచుకూ మనకూ ఏం చుట్టరికం అని గాజువాక నుంచి ఎవరో ఒకరు అడగక మానరు. ఆత్మగౌరవం మాట్లాడుతుంటే గ్రేడుల లెక్కలు తీయకూడదు. ప్లాంటు ప్రైవేటుకు పోకూడదని 2021 నుంచి దీక్షా శిబిరాలు వేస్తున్నాం. పీచు మాత్రం పుట్టినప్పటి నుంచీ ప్రైవేటే. దాని కోసం ఒక్క టెంటు వేసిన పాపాన పోలేదు.

దాని వంశమేమైనా తక్కువదా? 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ అనే ఆయన తుపాకీ గొట్టాలు లోపల అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతుంటే, తుప్పు పట్టని ఉక్కు చేతికొచ్చింది. అందులోని క్రోమియం గాలి తగలగానే కంటికి కనబడని పలచటి పొర కడుతుంది. తుప్పును ఆపేది ఆ పొరే. మన ఉప్పుగాలికి ఆ పొరంటే పడదు. బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్లలో చవకరకం పీచు కొన్నాళ్లకే తుప్పుపట్టి, సింకు పక్కన గ్రానైటు మీద నారింజ రంగు మరక వేస్తుంది. ఆ మరక రుద్దడానికి ఇంకో పీచు కొనాలి. డిమాండు సృష్టించడమంటే ఇదీ!

వాడిన పీచును ఎప్పుడైనా కళ్ల దగ్గర పెట్టుకుని చూశారా? కొన్నప్పుడు చుట్టలు చుట్టలుగా మెరిసిన తీగలో మొన్నటి ఉప్మారవ్వ, నిన్నటి కరివేపాకు ఈనె, రెండు ఎండు మెతుకులు, ఇవాళ్టి వంజరం వేపుడు తాలూకు మాడు మసాలా కనిపిస్తాయి. వారం రోజులుగా ఆ ఇంట్లో ఏం వండారో ఇంటివాళ్లు మరిచిపోయినా పీచు మరిచిపోదు. ఆ తీగ తెగి, ముక్క కూరలో కలిసి గొంతులోకి పోతుందేమోనని కొందరికి టెన్షన్. ఒంట్లో ఐరన్ లేదని డాక్టర్లు మాత్రలు రాస్తున్న రోజుల్లో ఇదేం ఫిర్యాదో నాకు అర్థం కాదు.

కుటుంబ వ్యవస్థకు పీచు చేసిన సేవ ఇంకా గొప్పది. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే కెమిస్టు గ్యాసు సిలిండరు కోసి చూస్తే, ఎదురుచూడని తెల్లపొడి బయటపడింది. దాన్ని వంటపాత్రకు పూయవచ్చని 1954లో ఫ్రాన్సులో మార్క్ గ్రెగ్వార్ దారి కనిపెట్టాడు. ఆ సలహా భార్యదేనని చెప్పుకుంటారు. ఒక భార్య సలహాతో పుట్టిన ఆ నాన్‌స్టిక్ పూతను, ఇక్కడ ఇంకొకావిడ భర్త ఆదివారం పూట ‘నువ్వు కూర్చోవోయ్, ఇవాళ గిన్నెలు నేను తోముతా’ అని లేచి, సీరియల్ బ్రేకు అయిపోయేలోపు స్టీలు పీచుతో గోకి పారేస్తాడు. ‘అయ్యయ్యో, ఏం చేస్తున్నారండీ!’ అని కేక. ఆ రోజుతో ఆయనకు సింకు దగ్గర శాశ్వత ప్రవేశ నిషేధం. పాపం, ఆ మగవాడి బాధ పగవాడికి కూడా వద్దు. ఆ బాధ దిగమింగుకుంటూనే సోఫాలోకి వెళ్లి మ్యాచ్ పెట్టుకుంటాడు. సీతమ్మధార నుంచి పెందుర్తి దాకా ఎన్ని కాపురాలు ఈ ఒక్క గీతల పెనం మీద ప్రశాంతంగా సాగుతున్నాయో!

ఇక పని చేసేవాళ్ల సంగతేమిటని అడిగేవాళ్లు ఉన్నారు. రాత్రి పాలు స్టవ్ మీద పెట్టి ఎవరో ఫోను చూస్తూ ఉండిపోతారు. మాడు వాసన పక్క ఫ్లాటుకి చేరాక గ్యాస్ కట్టేస్తారు. గిన్నెను, చుక్క నీళ్లయినా పోయకుండా, తీసుకెళ్లి సింకులో పడేస్తారు. పొద్దున పనావిడ వచ్చి, ఆ నల్లటి అడుగును గోటితో గీకి చూసి, ‘రాత్రే కాసిన్ని నీళ్లు పోసి ఉంచితే ఏటైపోద్దమ్మా?’ అంటుంది. ఇంటావిడ ఎంతో పెద్ద మనసుతో ‘కొత్త పీచు తెప్పించాను కదే’ అంటుంది. ఇంతకంటే ఏం చేయాలి? పనావిడ బొటనవేలి పక్కన తీగ కోసిన సన్నటి గీతలుంటాయి, వాటిలోకి సబ్బు దిగి చురుక్కుమంటుంది. పీచు కొన్న చెయ్యి ఒకరిది, తెగిన చెయ్యి ఇంకొకరిది. పని విభజన అంటూ ఒకటుంటుంది మరి.

నానబెట్టే వాదుల్లో అతివాదులు ఈమధ్య ఇంకా బరితెగించారు. ఎవరు మాడిస్తే వాళ్లే తోమాలని రూలు పెట్టమంటున్నారు. అదే జరిగితే ఏమవుతుందో ఆలోచించారా? పాలు పెట్టినవాళ్లు పొంగేదాకా స్టవ్ దగ్గరే నిలబడతారు. ఫోను చేతిలో ఉండదు. గిన్నెలు మాడటం మానేస్తాయి. పూర్ణా మార్కెట్ కొట్ల ముందు అట్టలకు అట్టలు వేలాడే పీచులు ఎవరు కొంటారు? అందుకే మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో ఈ ప్రతిపాదన రాగానే ఏకగ్రీవంగా కొట్టేశాం. పనివాళ్ల అభిప్రాయం కూడా తీసుకుందామని ఒకాయన అన్నాడు గానీ, కుదరలేదు. ఆ టైముకు వాళ్లంతా అంట్లు తోముతున్నారు.