ఎక్సర్‌సైజులు లేని పుస్తకం

మొన్న శనివారం మా పాప స్కూల్లో పేరెంట్స్ మీటింగ్. కొట్టు మా బావమరిదికి అప్పజెప్పి వెళ్ళాను. క్లాస్ టీచర్ మేడం ప్రోగ్రెస్ కార్డు నా ముందు పెట్టి, టేబుల్ సొరుగులోంచి న్యూస్ పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి తీసి దాని పక్కన పెట్టింది. చుట్టిన తీరు చూస్తే ఎవరి బ్యాగులోనో మందు సీసా దొరికిందేమో అనుకున్నాను. విప్పితే కథల పుస్తకం. మాయ ఉంగరం, మాట్లాడే గుర్రం, గుహలో మాంత్రికుడు. నేనే కొనిచ్చింది. సోషల్ పీరియడ్‌లో టెక్స్ట్ బుక్ కింద పెట్టుకుని చదువుతూ దొరికిపోయిందట.

"పాప బ్రైట్ సార్. కానీ ఇట్లాంటి లేనిపోని కథల వల్ల టైం వేస్ట్. చదివే ఇంట్రెస్ట్ ఎటూ ఉంది కాబట్టి ఏదైనా జీకే బుక్ ఇవ్వండి. ఒలింపియాడ్‌కి కూడా పనికొస్తుంది."

క్లాసులో చదవడం తప్పే. దానికి ఇంటికొచ్చి తిట్టాను కూడా. "తప్పు, దాచుకోవడం రాకపోవడం కూడా తప్పు" అని నేనంటే మా ఆవిడ నన్ను తిట్టింది. అది వేరే సంగతి. కానీ ఆ "లేనిపోని కథలు" అన్న మాట మూడు రోజులుగా గొంతులో చేపముల్లులా ఉంది. అందుకే ఈ పోస్టు. పొడుగ్గానే ఉంటుంది, తీరిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

ముందు ఒక విషయం ఒప్పుకుంటాను. నాది తిరుపతి బైరాగిపట్టెడలో జిరాక్స్, స్టేషనరీ కొట్టు. మేడం చెప్పిన ఆ జీకే బుక్కులు, ఒలింపియాడ్ వర్క్‌బుక్కులు నేనే అమ్ముతాను. ఎల్‌కేజీ పిల్లకి 40 పేజీల వర్క్‌షీట్లు ప్రింట్ తీయమని వచ్చే తల్లుల దగ్గర డబ్బులు తీసుకుని గల్లాలో వేసుకుంటాను. మా ఇంట్లో బియ్యం వాటితోనే వస్తాయి. కాబట్టి నేనేదో మడి కట్టుకుని మాట్లాడుతున్నానని అనుకోవద్దు.

లేనిపోని కథలు చదివితే పిల్లలకు నిజానికీ అబద్ధానికీ తేడా తెలియకుండా పోతుందని అంటారు కదా. మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఆ పుస్తకమే, దొరికిపోకముందు, ఒక రాత్రి మిద్దె మీద చాప వేసుకుని చదువుకుంటోంది. ఉన్నట్టుండి నన్ను లేపింది.

"నాన్నా, ఉంగరం పెట్టుకుంటే రాకుమారుడు కనపడడు. సరే. ఇసకలో నడిస్తే అడుగులు పడతాయి కదా? భటులు వాటిని చూసి పట్టుకోవచ్చు కదా?"

"మాయ ఉంగరం కదమ్మా, అడుగులు కూడా పడవు."

"అట్లయితే ఆయన నేల మీద నడవడం లేదు. గాల్లో నడిచేవాడు మెట్లెందుకు ఎక్కాడు?"

నా దగ్గర జవాబు లేదు. నాలుగు పేజీలు వెనక్కి తిప్పి, నిజంగా మెట్లు ఎక్కాడా లేదా అని వేలు పెట్టి వెతికింది. ఎక్కాడు. పెన్సిల్ తెచ్చి మార్జిన్‌లో పెద్ద క్వశ్చన్ మార్క్ పెట్టి పడుకుంది. ఆ ఉంగరం లోకంలో లేదని తొమ్మిదేళ్ళ పిల్లకి బ్రహ్మాండంగా తెలుసు. కానీ మాయకంటూ ఒక లెక్క పెట్టాక, రాసినాయన ఆ లెక్క తప్పితే మాత్రం వదిలిపెట్టదు. ఇదే పిల్ల "కృష్ణానది మహాబలేశ్వరం దగ్గర పుట్టింది" అని సోషల్ పాఠం గుక్క తిప్పుకోకుండా ఒప్పజెబుతుంది. ఎందుకు అక్కడే పుట్టింది, అంత దూరం మనవైపుకే ఎందుకు వచ్చింది అని ఒక్కరోజూ అడగలేదు. మార్కులు మాత్రం దానికే వస్తాయి.

నేను పెరిగింది పాకాల దగ్గర పల్లెలో. ఎండాకాలం చివరికొచ్చిందంటే ఇంటింటా విత్తనం చెనక్కాయలు ఒలిచే పని. ఇప్పుడు మిషన్లు వచ్చాయి, అప్పుడు చేత్తోనే. రాత్రి అన్నాలయ్యాక పంచలో కాయలు గుట్టగా పోసి, చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టి, నడుమ మా అవ్వ కూర్చునేది. కాసేపటికే బొటనవేలి గోరు కింద మంట మొదలవుతుంది. మేం లేచిపోకుండా ఆమె దగ్గరున్న ఒకే ఒక ఉపాయం కథ. చేతులు ఆగితే కథ ఆగేది. విత్తనం గింజలు గుప్పెడు నోట్లో వేసుకున్నామా, ఆ రాత్రికి కథే లేదు. రాకుమారుడు ఏడు సముద్రాలు దాటి, మర్రిచెట్టు తొర్రలో చెయ్యిపెట్టి, చిలక మెడ పట్టుకున్న చోట "ఈ చేటెడు కానీండి, చెబుతా" అనేది. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉండేది, మా ప్రాణాలు ఆ చేటలో ఉండేవి.

మా అవ్వకి సంతకం రాదు, వేలిముద్రే. కానీ ఏడు చేపల కథ ఆమె చెబుతుంటే వినాలి. అది మీకందరికీ తెలుసు. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. ఎందుకెండలేదు? గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపు ఎందుకు అడ్డమొచ్చింది? ఆవు మేయలేదు. ఆవు ఎందుకు మేయలేదు? అట్లా ఒక్కో మెట్టూ దిగుతూ పోతే చివరికి బంగారు పుట్టలో వేలు పెట్టిన పసిపిల్లాడి దగ్గర, కుట్టిన చీమ దగ్గర తేలుతుంది. చేప మాట్లాడుతుందా, గడ్డి మాట్లాడుతుందా అని మా పల్లెలో ఎవరూ అడగలేదు. ఎండని చేపకి చీమతో ఏం సంబంధం అని మాత్రం అడిగాం. కొట్టులో జిరాక్స్ మిషన్ ఆగిపోతే నేను ఇప్పటికీ అట్లాగే వెతుకుతాను. పేపరెందుకు ఇరుక్కుంది, రోలర్ ఎందుకు తిరగలేదు, అని చీమ దొరికేదాకా. మెకానిక్ నన్ను చూసి నవ్వుతాడు కానీ, సగం రిపేర్లు అతను రాకముందే అయిపోతాయి.

ఆ తర్వాత చందమామ. 1947 జూలైలో మద్రాసులో మొదలైన పత్రిక. మా నాన్న అది చదివి పెద్దవాడయ్యాడు, తర్వాత నాకు తెచ్చిచ్చేవాడు. సీరియల్ సరిగ్గా కొండచిలువ నోరు తెరిచిన చోట ఆపేవాళ్ళు. ఇక నెలరోజులు పడిగాపులే. ఆ నెలలో మేం నలుగురం బడికి నడిచే దారిలో తలా ఒక విధంగా ఆ కథ పూర్తి చేసేవాళ్ళం. ఒకడు హీరోని చంపేసేవాడు, వాడితో రెండ్రోజులు మాటల్లేవు. అసలు కథ వచ్చాక "మనదే బాగుంది" అనుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. ఇప్పుడు ఫోన్లో తర్వాతి ఎపిసోడ్ కొన్ని సెకన్లలో దానంతటదే మొదలైపోతుంది. పిల్లోడు కొండచిలువ గురించి ఆలోచించేలోపే అది చచ్చిపోయి ఉంటుంది. చందమామ ఆగిపోయి పదేళ్ళు దాటింది. పోయినందుకు ఏడ్చిన మా తరమే పిల్లలకు ఆ స్థానంలో ఏం పెట్టిందంటే, అబాకస్.

అసలు ఇంకో ఊరివాళ్ళు ఈ "లేనిపోని కథలు" అన్న మాటన్నా సరే అనుకోవచ్చు. తిరుపతిలో ఉండి అంటారా? కొండ వైపు చూస్తే ఆదిశేషుడు కనపడతాడని పిల్లలకు వేలు పెట్టి చూపిస్తాం. గోవిందరాజస్వామి తల కింద కుంచం ఎందుకుందంటే, తమ్ముడు వెంకన్న పెళ్ళికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు కొలిచి కొలిచి అలసిపోయి పడుకున్నాడని చెబుతాం. ఇవి కల్పన అంటే మా అమ్మ చీపురు తిరగేస్తుంది, నేనూ అనను. నేననేది, ఈ ఊరు కథలో బతుకుతోందని.

మేలో గంగజాతర చూడండి. ఆడపిల్లల్ని చెరపట్టే పాలెగాణ్ణి పట్టుకోవడానికి గంగమ్మ రోజుకొక వేషంలో ఊరంతా గాలించిందని కథ. ఆ కథ కోసం ఊరు ఊరంతా ఒళ్ళు పూసుకుంటుంది. బైరాగి వేషానికి తెల్ల సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం. దొర వేషం చూసి, ఎవరో పెద్ద దొర వచ్చాడనుకుని పాలెగాడు బయటికొస్తాడు, అక్కడ అయిపోతాడు. బ్యాంకులో క్యాషియర్‌గా ఉండే మా మేనమామ, నోట్లు మూడుసార్లు లెక్కపెట్టందే ఇవ్వని మనిషి, జాతర రోజు చీర కట్టి, సవరం పెట్టి, పూలు తురుముకుని తాతయ్యగుంట గుడికి పోతాడు. మర్నాడు ఉదయం మళ్ళీ క్యాష్ కౌంటర్. ఆయనకి నిజానికీ వేషానికీ తేడా తెలియకుండా పోయిందా?

పోయినేడు జాతరలో మా పాప ఆయన్నే అడిగింది. "మామయ్యతాతా, రోజూ వచ్చేది గంగమ్మేనని పాలెగాడికి ఎందుకు తెలియలేదు?" ఆయన సవరం సర్దుకుంటూ, "దొరలంటే వాడికి భయం ఉండదమ్మా. దొరలకు లొంగి ఉండటం వాడికి అలవాటు. ఆడదొచ్చి చంపుతుందని వాడి బుర్రలోకే రాలేదు" అన్నాడు. నాకు ఇన్నేళ్ళలో తట్టని సంగతి అది. దాని మీద జీకే బుక్కులో ఎన్ని బిట్లు వస్తాయో మరి.

సైన్స్ పిల్లలకు ఇవన్నీ ఎందుకనే సార్లు కూడా ఉన్నారు కొట్టుకొచ్చేవాళ్ళలో. శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది. 2023 జూలై 14న చంద్రయాన్-3 ఎగిరినప్పుడు పిల్లలందరితో పాటు నేనూ కొట్టులో టీవీకి అతుక్కుపోయాను. ఆ రాకెట్‌లో ద్రవ ఇంధనం మండే అంచెలు ఉన్నాయి. ద్రవ ఇంధనంతో మొట్టమొదటి రాకెట్‌ని 1926లో అమెరికాలో ఎగరేసిన మనిషి రాబర్ట్ గొడార్డ్. ఆయన కుర్రతనంలో, అంగారకుడి నుంచి వింతజీవులు భూమ్మీదికి దండెత్తి వచ్చే నవల ఒకటి చదివి మత్తెక్కిపోయాడు. 1899 అక్టోబర్ 19న, 17 ఏళ్ళ వయసులో, కొమ్మలు నరకడానికి చెర్రీ చెట్టెక్కి, ఆకాశం వైపు చూస్తూ, అంగారకుడి దాకా పోయే యంత్రం ఒకటి ఉంటేనా అని ఊహించుకున్నాడు. చెట్టు దిగేటప్పటికి తను వేరే మనిషినయ్యానని రాసుకున్నాడు. బతికినంత కాలం ఆ తేదీని పండగలా గుర్తుపెట్టుకున్నాడు. ఆ నవలలోది లేనిపోని కథే.

ఇది ఒక సారుకి చెప్పాను. "అయితే అట్లాంటివి ఒక రెండు ఇవ్వండి, మావాడు ఐఐటీ టార్గెట్" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మంట ఆయన మీదనా, రాకెట్ చూపించి కథని అమ్మబోయిన నా మీదనా, ఇప్పటికీ తేల్చుకోలేదు. మా అవ్వ దగ్గర కథలు విన్న తొమ్మిదిమందిలో ఒక్కరం కూడా రాకెట్ చెయ్యలేదు. ఒకడు లారీ నడుపుతున్నాడు, ఒకామె బెంగళూరులో టైలరింగ్. ఆ రాత్రుళ్ళు దండగ అని చెప్పమనండి వాళ్ళని. పిల్ల ఇడ్లీ తింటే "దీనివల్ల ఏ ఎగ్జామ్‌కి ఉపయోగం" అని అడగం కదా.

భయపడతారని మా ఆవిడ గొడవ. రాక్షసుల కథలు చదివి రాత్రి ఉలిక్కిపడతారని. మా పాప ఉలిక్కిపడి లేచిన మాట నిజమే, రెండుసార్లు. రెండూ యూనిట్ టెస్టుల ముందు రోజులే. పుస్తకంలో రాక్షసి భయపెడితే పిల్ల పుస్తకం మూసేస్తుంది, కాసేపాగి మళ్ళీ సందు చేసి చూస్తుంది. ఎంత భయం కావాలో తనే పెట్టుకుంటుంది. పైగా బొమ్మ లేనిచోట రాక్షసిని తనే తయారుచేసుకోవాలి. మా పాప మాంత్రికుడికి మేనమామ మీసాలు పెట్టుకుందట. ఇక వాడికేం భయపడుతుంది?

ఇంకొకటి కూడా కక్కేసి ముగిస్తాను. ఇంటిపన్నుతో పాటు మనం గ్రంథాలయ సెస్ కడుతున్నాం, పన్ను రూపాయికి 8 పైసల లెక్కన. మీ వీధికి దగ్గర్లో లైబ్రరీ ఎక్కడుందో మీ పిల్లలకు తెలుసా? మీకు తెలుసా? అక్కడ పోటీపరీక్షల కుర్రాళ్ళు కూర్చుని ఉంటారు, పాపం వాళ్ళ కష్టం వాళ్ళది. పిల్లల పుస్తకాలు ఎక్కడున్నాయని అడిగి చూడండి. నేను అడిగాను. బీరువా తాళం వెతకడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

మీటింగ్ నుంచి వచ్చిన సాయంత్రమే కొట్టులో జామెట్రీ బాక్సుల పక్కన ఒక అర ఖాళీ చేసి పన్నెండు కథల పుస్తకాలు పెట్టాను. మూడు పోయాయి. నిన్న పొద్దున ఒకటి తిరిగొచ్చింది. తండ్రి మర్యాదస్తుడే. "ఏమనుకోవద్దన్నా, ఇందులో వెనక ఎక్సర్‌సైజులేం లేవు. పిల్లోడు రాత్రి దీన్ని పట్టుకుని హోంవర్క్ వదిలేశాడు. దీని బదులు టేబుల్స్ బుక్ ఇవ్వు" అన్నాడు. ఇచ్చాను. పైన పదిహేను రూపాయలు తిరిగిచ్చాను కూడా.

ఆయన పోయాక పుస్తకం తిరగేస్తే 41వ పేజీ దగ్గర ఎర్రటి చెనక్కాయ పొట్టు ఉంది. గుర్రం లోయ అంచు దాకా వచ్చి, దూకాలా వద్దా అని ఆగిన పేజీ అది. పొట్టు తీయలేదు. పుస్తకం అరలో కాకుండా గల్లా కింద పెట్టాను. ఆ పిల్లోడు పెన్నుకో స్కేలుకో ఎప్పుడో ఒకప్పుడు ఒంటరిగా కొట్టుకి రాకపోడు.