‘కొనవద్దు’ అన్నవాడికి కమీషన్ రాదు

తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు, అంటే నాలుగు గజాలు. నెల్లూరు లెక్కలో అదే అంకణం 72 అడుగులు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు నాయుడుపేట, సూళ్లూరుపేట ప్రాంతాలు నెల్లూరు నుంచి విడిపోయి తిరుపతి జిల్లాలో కలిశాయి. జిల్లా ఒకటయింది కానీ అంకణం ఒకటి కాలేదు. మాకు మామయ్య వరసయ్యే ఒక పెద్దాయన ఆ మధ్య నాయుడుపేట దగ్గర అంకణం ధర విని, దాన్ని తిరుచానూరు పక్క ధరతో పోల్చి, అక్కడ మరీ ఎక్కువ చెబుతున్నారని కొట్టిపారేశారు. గజాల్లోకి మార్చి చూస్తే అక్కడే చవక. ఆయన ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు.

మామయ్యను వెక్కిరించడానికి ఇది చెప్పడం లేదు. రిటైర్మెంట్ డబ్బు చేతిలో ఉంది, జీవితంలో తొలిసారి స్థలం మీద పెట్టుబడి పెడదామనుకున్నారు, ఎవరిని అడగాలో తెలియదు. సలహాలకు మాత్రం కరువు లేదు. పాత సహోద్యోగి ఒకరు ఖాళీ సమయంలో వెంచర్లకు మనుషులను తీసుకెళుతుంటారు, ఆయన చెప్పారు. బెంగళూరులో ఉద్యోగం చేసే మేనల్లుడు చెప్పాడు. వాస్తు చూసే ఆయన చెప్పారు. ఫోనులో వీడియోలు సరేసరి. ఆదివారం ఉదయం కారు ఇంటి ముందుకే వచ్చింది, టిఫిన్ కూడా వాళ్లే పెట్టించారు. ఇంతమందిలో అంకణం తేడా ఒక్కరూ చెప్పలేదు. తెలియక కాదు, మామయ్య అడగలేదు కాబట్టి.

కొత్తగా స్థలం కొనేవారికి అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మన ఊళ్లో భూమి గురించి తెలిసినవారు చాలామందే ఉన్నారు. కానీ వారిలో ఎక్కువమందికి బేరం కుదిరితేనే డబ్బు వస్తుంది. మధ్యవర్తికి అటు ఒక శాతం, ఇటు ఒక శాతం, కొన్నిచోట్ల రెండేసి శాతం. వెంచర్ మనిషికి ప్లాటుకు ఇంత అని లెక్క. ‘ఇది మీకు వద్దు సార్’ అని చెప్పినందుకు ఎవరూ ఎవరికీ రూపాయి ఇవ్వరు. అందుకని వీళ్లంతా మోసగాళ్లని అర్థం కాదు. నేను చూసినంతలో మధ్యవర్తులు పచ్చి అబద్ధం ఆడటం తక్కువే. ఏర్పేడు వైపు ప్లాటు చూపించి ఐఐటీ పక్కనే అంటారు. ఐఐటీ అక్కడ ఉన్నది నిజమే, పక్కన అన్న మాట ఎన్ని కిలోమీటర్లకు వర్తిస్తుందన్నదే తేలదు.

షేర్ల విషయంలో ఈ తేడాను ప్రభుత్వం ఎప్పుడో గుర్తించింది. సెబీ 2013లో తెచ్చిన నిబంధనల ప్రకారం పెట్టుబడి సలహాదారు నమోదు చేసుకోవాలి, సలహాకు మన దగ్గర ఫీజు తీసుకుంటే అదే మన పెట్టుబడి మీద కంపెనీ నుంచి కమీషన్ తీసుకోకూడదు. స్థలాలకు అలాంటి సలహాదారు అనే హోదాయే లేదు. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రాజెక్టుల్లో ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు కూడా నమోదు కావాలంటుంది, నమోదు లేకుండా అమ్మితే జరిమానా ఉంది. మంచిదే. కానీ నమోదైన ఏజెంటు కూడా అమ్మిపెట్టే మనిషే తప్ప మన తరఫు మనిషి కాదు.

ముందుగా ఒక లెక్క వేసుకోవాలి. దాన్ని ఏ మధ్యవర్తీ వేసి చూపించడు. 20 లక్షల ప్లాటు కొంటే స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే లక్షా యాభై వేలు. ఒక శాతం కమీషన్ ఇరవై వేలు. అంటే మొదటి రోజే 21 లక్షల 70 వేలు పెట్టాం. తిరిగి అమ్మేటప్పుడు మళ్లీ కమీషన్. సుమారు 22 లక్షలకు అమ్మితే గానీ పెట్టిన డబ్బు చేతికి రాదు. అదే మొత్తం బ్యాంకులో ఏడు శాతం వడ్డీకి ఐదేళ్లు ఉంచితే పన్నుకు ముందు 30 లక్షలు దాటుతుంది. కాబట్టి ‘20 లక్షలకు కొన్న ప్లాటు ఐదేళ్లలో 28 లక్షలయింది’ అని ఎవరైనా గొప్పగా చెబితే, ఆయన బ్యాంకు కన్నా వెనకబడ్డారని అర్థం. ఈ మాట అంటే మామయ్యకు కోపం వచ్చింది.

ధర కన్నా పెద్ద విషయం హక్కు. రిజిస్టర్ అయిందంటే స్థలం మనదైపోయినట్టేనని చాలామంది నమ్మకం. రిజిస్ట్రార్ కార్యాలయం లావాదేవీని నమోదు చేస్తుంది తప్ప, అమ్మినవాడికి అమ్మే హక్కు ఉందని హామీ ఇవ్వదు. ఆ హామీ ఇస్తామంటూ రాష్ట్రం తెచ్చిన భూ హక్కుల చట్టం 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చి, పెద్ద రాజకీయ వివాదమై, 2024లో రద్దయింది. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. అది పోయాక మాత్రం హక్కు పరీక్ష మళ్లీ కొనేవాడి నెత్తినే పడింది.

ఆ పరీక్షకు అందరూ చూపించే కాగితం ఈసీ, అంటే స్థలం మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం. అందులో రిజిస్టర్ అయిన లావాదేవీలే కనిపిస్తాయి. రిజిస్టర్ కాని వీలునామా కనిపించదు, కోర్టులో నలుగుతున్న దావా సాధారణంగా కనిపించదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈసీలో అక్కచెల్లెళ్లు కనిపించరు. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ నోటిమాటగా పంచుకుని, పాసు పుస్తకాలు తమ పేర్ల మీద చేయించుకుని, పదేళ్ల తరువాత వెంచర్‌కు అమ్ముతారు. మన రాష్ట్రంలో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా 1986 చట్టసవరణతోనే వచ్చింది. కేంద్రం 2005లో ఇచ్చింది, 2020లో సుప్రీంకోర్టు ఆ హక్కును ఇంకా గట్టిపరిచింది. పెళ్లై వేలూరులోనో కోలారులోనో స్థిరపడిన చెల్లెలు సంతకం పెట్టిందా లేదా అన్నది కంప్యూటర్ చెప్పదు. గట్టు పక్క రైతు చెబుతాడు. ‘వాళ్లకు ఒక చెల్లెలు ఉండాలే’ అని ఆయన అన్న ఒక్క మాట చాలు, మన డబ్బు మిగలడానికి. ఆయనకు కమీషన్ లేదు, కాబట్టి దాచాల్సిన అవసరమూ లేదు.

చిత్తూరు, తిరుపతి జిల్లాలకు ఇంకొక ప్రత్యేకత ఉంది. ఇక్కడ భూమికి చరిత్ర ఎక్కువ. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ పట్టా భూములు ఊరూరా ఉన్నాయి. 1977 చట్టం ప్రకారం వాటిని అమ్మకూడదు. 2023లో సవరణ తెచ్చి ఇరవై ఏళ్లు దాటిన వాటిని అమ్ముకోవచ్చన్నారు, 2024లో ప్రభుత్వం మారాక అక్రమాల విచారణ పేరుతో ఆ రిజిస్ట్రేషన్లు ఆపారు. మధ్యలో కొన్నవారి పరిస్థితి ఊహించుకోవచ్చు. బ్రిటిష్ కాలం నాటి రీసెటిల్మెంట్ రిజిస్టరులో యజమాని పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన చుక్కల భూములు ఉన్నాయి, వాటి కోసం 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. తిరుపతిలోనైతే దేవస్థానం భూములు, హథీరాంజీ మఠం భూములు. ఎదురుగా మూడంతస్తుల ఇల్లు లేచి, కరెంటు మీటరు తిరుగుతున్నంత మాత్రాన ఆ సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల ‘22ఏ’ నిషేధిత జాబితాలో లేదని అనుకోవద్దు. ఆ జాబితా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోనే చూసుకోవచ్చు, ఐదు నిమిషాల పని. కారెక్కే ముందు ఆ ఐదు నిమిషాలు పెట్టేవారు అరుదు. 2024 జూలైలో మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో భూముల ఫైళ్లు తగలబడినప్పుడు రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. కాగితం మీద ఎంత ఆధారపడాలో, కాగితం ఎంత తేలిగ్గా కాలిపోతుందో ఒకేసారి తెలిసింది.

అప్రూవల్ సంగతి త్వరగా చెప్పేస్తాను. లేఅవుట్ 500 చదరపు మీటర్లు మించినా, ప్లాట్లు ఎనిమిది మించినా రెరా నమోదు ఉండాలి. నమోదుకు ముందు అమ్మకమే కాదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందంటే రోడ్ల వెడల్పు, ఖాళీ స్థలం వంటివి నిబంధనల ప్రకారం ఉన్నాయని భరోసా. భూమి ఎవరిదన్న వివాదాన్ని ఆ అనుమతి తీర్చదు. ఇక మామిడి తోటలో పది సెంట్లు, ఎర్రచందనం మొక్కలతో పావు ఎకరం అంటూ అమ్మే పథకాలు వ్యవసాయ భూమి పేరుతో ఈ నిబంధనల పక్కనుంచి జారిపోతుంటాయి. 2025లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు నాలుగు రూపాయలు ప్రభుత్వమే ఇవ్వాల్సి వచ్చిన జిల్లాలో పది సెంట్ల మామిడితో ఏటా ఆదాయం అని ఎలా చెప్పగలుగుతున్నారో నాకు అర్థం కాదు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద స్థలం రాయిస్తామన్నా వెనక్కి తిరగడమే మేలు, దానితో హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

మరి ఎవరిని అడగాలి? బేరం కుదిరినా కుదరకపోయినా అదే ఫీజు తీసుకునేవారిని. సివిల్ దావాలు నడిపే న్యాయవాది మొదటివారు. అమ్మేవాళ్లు ‘మా లాయరు ఉన్నారు, చూసిపెడతారు’ అంటే ఆయన వద్దు. మనం వెతుక్కుని, మనం ఫీజు ఇచ్చి, స్థలం ఒకరి నుంచి ఒకరికి ఎలా వచ్చిందో చూపే లింకు డాక్యుమెంట్లన్నీ చేతిలో పెట్టి, రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోవాలి. కంప్యూటర్‌లో దొరికే ఈసీ 1983 నుంచే ఉంటుంది, అంతకు ముందుది కార్యాలయంలో పుస్తకాలు తిరగేసి తీయించాలి. రెండవవారు లైసెన్సు ఉన్న సర్వేయర్. ఎఫ్‌ఎంబీ అనే సర్వే కొలతల పటం చేతబట్టుకుని కొలిస్తే కాగితం మీద నలభై అంకణాలు నేల మీద ముప్పై ఏడు కావచ్చు. చేతిలో పూర్తి డబ్బు ఉన్నా బ్యాంకు రుణానికి దరఖాస్తు చేయమని కొందరు అనుభవజ్ఞులు చెబుతారు. బ్యాంకు న్యాయవాది కాగితాలు చూస్తారు కాబట్టి ఇది తెలివైన ఉపాయమే. అయితే ఆయన కాపాడేది బ్యాంకు ప్రయోజనాన్ని, మన ప్రయోజనాన్ని కాదు. ఆ పరీక్ష ఇంకొక వడపోత అనుకోవాలి, చివరిది అనుకోకూడదు.

ఫీజు లేకుండా అడగదగినవారు కూడా ఉన్నారు. 2021 నవంబరులో వానలకు తిరుపతి ఎలా మునిగిందో అప్పుడు ఇక్కడ ఉన్నవారికి గుర్తుండే ఉంటుంది. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. చెరువుల్లోకి, వాగుల్లోకి జరిగిన లేఅవుట్లు ఏవో ఆ వారంలో నీళ్లే చూపించాయి. ప్లాటు చూడటానికి వెళ్లినప్పుడు పక్క వీధిలో టీ కొట్టు ఆయనను ‘అప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయి’ అని అడగండి. ఆయన మోకాలు చూపిస్తాడో నడుము చూపిస్తాడో గమనించండి. మండు వేసవిలో వెంచర్ మనిషి చూపించే రంగుల బ్రోచరులో ఆ కొలత ఉండదు.

వేల రూపాయలు తీసుకుని రెండు రోజుల్లో భూమి పెట్టుబడి నేర్పుతామనే శిక్షణలు ఇప్పుడు హోటళ్లలో జరుగుతున్నాయి. ఒకదానికి నేనూ వెళ్లాను. మొదటి రోజు ధనవంతుల ఆలోచనా విధానం గురించి చెప్పారు, రెండవ రోజు సాయంత్రం వాళ్ల సొంత వెంచర్ గురించి. భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చెప్పే 1బీ, అడంగల్ అన్న మాటలు ఆ రెండు రోజుల్లో వినిపించలేదు. మధ్యాహ్న భోజనం మాత్రం బాగుంది.

ఈ పని ప్రభుత్వం చేయలేనిదేమీ కాదు. తుడా కార్యాలయంలోనో, సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లోనో వారానికి ఒక పూట, సర్వే నంబరు తెచ్చిన మనిషికి ఆ భూమి 22ఏలో ఉందా, లేఅవుట్‌కు అనుమతి ఉందా, చెరువు హద్దులో పడుతుందా అని ఒకే బల్ల దగ్గర చెప్పవచ్చు. ఆ సమాచారమంతా ప్రభుత్వం దగ్గరే ఉంది, కాకపోతే నాలుగు శాఖల్లో, నాలుగు వెబ్‌సైట్లలో ఉంది. కొనుగోలుదారు నుంచి ఏడున్నర శాతం తీసుకునే ప్రభుత్వానికి ఒక బల్ల, రెండు కుర్చీలు బరువు కావు. న్యాయ సేవాధికార సంస్థలు ఇప్పటికే ఉచిత సలహా ఇస్తున్నాయి, కానీ స్థలం పోయాక వెళ్లేవారే తప్ప కొనే ముందు అటు తొంగిచూసేవారు కనిపించరు.

మామయ్య చివరకు రేణిగుంట వైపు ఒక ప్లాటు ఖాయం చేసుకుని యాభై వేలు అడ్వాన్సు ఇచ్చి, ఆ తరువాత నాకు ఫోను చేశారు. తెలిసిన న్యాయవాది దగ్గరికి తీసుకెళ్లాను. ఫీజు ఏడు వేలు అంటే, ఐదు వేలకు తగ్గించమని పావుగంట బేరమాడారు. కమీషన్ ఇరవై వేలకు మాత్రం మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. న్యాయవాది కాగితాలన్నీ చూసి, 1994 నాటి భాగ పంపకం దస్తావేజు ఇందులో లేదు, అది తెప్పించండి అన్నారు. మధ్యవర్తికి ఆ మాట చెప్పి పదకొండు రోజులైంది. ఆదివారం కారు పంపినంత చురుగ్గా ఆయన ఇప్పుడు ఫోను ఎత్తడం లేదని మామయ్య నిన్న చెప్పారు.