రోడ్డు దాటేవాళ్ళదే తప్పన్న సందేశానికి జవాబు

సంక్రాంతి ప్రయాణాలు మొదలైనప్పటి నుంచి నల్లగొండ మిత్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే సందేశం నాకు ఏడుసార్లు వచ్చింది. వేగ పరిమితి అనేది చలాన్ల దందా అని, ప్రమాదాలకు కారణం గుంతలే అని, జర్మనీలో పరిమితే లేదని, ఇప్పటి కార్లకు చక్రాలు జారకుండా ఆపే ఏబీఎస్ బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు ఉన్నాయని, చనిపోయేది చూసుకోకుండా రోడ్డు దాటేవాళ్ళే కాబట్టి తప్పు వాళ్ళదేనని దాని సారాంశం. పంపినవాళ్ళలో నేను గౌరవించే ఉపాధ్యాయులు కూడా ఉన్నందువల్ల ఊరుకోలేకపోతున్నాను.

జర్మనీ సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. అక్కడ పరిమితి లేని ఆటోబాన్ (ఎక్స్‌ప్రెస్‌వే) భాగాల్లోనూ గంటకు 130 కిలోమీటర్లు మించవద్దన్న సూచన ఉంది. ఆ రోడ్డు మీదికి మనిషి నడిచి రాడు, ట్రాక్టరు ఎక్కదు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే మన 65వ నంబరు జాతీయ రహదారి మీద వెనుక లైటు లేని పత్తి ట్రాక్టరు చీకట్లో మన ముందే నడుస్తుంటుంది. ఇక ఎయిర్‌బ్యాగు కాపాడేది కారు లోపలివాళ్ళను మాత్రమే.

గుంతల విషయంలో మాత్రం సగం ఒప్పుకుంటాను. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని, అందులో సుమారు 71 శాతానికి అతివేగమే కారణమని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. ఇన్నాళ్ళూ ఆ శాతాన్నే చూపించి వాదించాను. కానీ ఆ లెక్క పోలీసు రికార్డుల నుంచి వచ్చేది. రోడ్డు తప్పును రాయడం కంటే డ్రైవరు తప్పును రాయడం తేలిక. రోడ్డు డిజైను లోపానికి కాంట్రాక్టరునూ అధికారులనూ బాధ్యులను చేసే 198ఎ సెక్షను 2019లో మోటారు వాహనాల చట్టంలోకి వచ్చింది, దాన్ని వాడాల్సిందే. అయితే గుంత ఉన్న రోడ్డు మీద ఇంకా వేగంగా పోనివ్వమని అడగడానికి గుంత ఎలా సాకు అవుతుంది?

నన్ను నిద్రపోనివ్వనిది ఆ సందేశంలోని చివరి మాట, తప్పు దాటేవాళ్ళదేనన్నది. చిట్యాల నుంచి నకిరేకల్ దాకా ఈ రోడ్డు ఊళ్ళను రెండుగా చీల్చింది; ఇల్లు ఒకవైపు, పొలం ఇంకోవైపు పడ్డవాళ్ళు దాటక ఏం చేస్తారు? తల మీద గడ్డి మోపుతో ఒక అవ్వ డివైడరు దగ్గర నిలబడి ఉందనుకోండి. ఒకవైపు రెండు లైన్లు కలిపి ఏడు మీటర్లు, ఆమె నడకకు ఏడు సెకన్లు పడుతుంది. రెండు వందల మీటర్ల దూరంలో కారు కనిపిస్తోంది. అది 80 వేగంతో వస్తుంటే ఆమె దగ్గరికి చేరడానికి తొమ్మిది సెకన్లు కావాలి, అప్పటికి ఆమె దాటేసి ఉంటుంది. అదే 120 వేగమైతే ఆరు సెకన్లలో వచ్చేస్తుంది, అప్పటికి ఆమెకు ఇంకా ఒక మీటరు మిగిలి ఉంటుంది. కారు 80లో వస్తోందో 120లో వస్తోందో అంత దూరం నుంచి, అందులోనూ రాత్రి హెడ్‌లైట్లను బట్టి, ఏ కళ్ళు పోల్చుకోగలవు? అవ్వ చూసుకునే దాటింది. చూసుకోనిది స్పీడోమీటరు ముందు కూర్చున్నవాడు. చనిపోయినవాళ్ళు జవాబు చెప్పలేరన్న ధైర్యంతోనే కదా ఆ వాక్యాన్ని ఇంత సులువుగా పంపుతున్నాం?

చలాన్ల విషయానికి వస్తే, చెట్టు చాటున స్పీడు గన్ను పెట్టి కూర్చోవడం నాకూ నచ్చదు. పరిమితి బోర్డు ఊరికి అర కిలోమీటరు ముందే స్పష్టంగా కనిపించాలి. పంతంగి, కొర్లపహాడ్ టోల్ గేట్ల దగ్గర ఏ బండి ఎప్పుడు దాటిందో ఫాస్టాగ్‌లో నమోదవుతూనే ఉంది కాబట్టి, రెండింటి మధ్య పట్టిన సమయాన్ని బట్టి సగటు వేగం లెక్కగట్టి చలాను వేయవచ్చు. కెమెరా కనిపించినచోట మాత్రమే బ్రేకు వేసే అలవాటుకు అప్పుడు చోటుండదు. ఆ మేరకు ఎవరైనా వినతిపత్రం రాస్తే మొదటి సంతకం నేను పెడతాను.