నేల మునిగినా పోర్టల్ తేలుతుంది

ప్రభుత్వ సేవలను డిజిటల్ చేయాలన్న ప్రతి మహాసంకల్పానికీ ఇంతకాలం అడ్డుపడింది ఒకటే: జనం. వాళ్లకు వేళ్లుంటాయి, కూలిపనితో ఆ వేళ్ల గీతలు అరిగిపోయి ఉంటాయి. పేర్లుంటాయి, అవి రేషన్ కార్డులో ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటాయి. పైగా వాళ్లు నిలబడటానికి నేల కావాలి. నేలకు హద్దులుంటాయి, హద్దులున్నచోట తగాదాలుంటాయి. ఈ చీకాకులేవీ లేని పరిపాలన ఒకటి ఉంటే ఎంత హాయి అని ఏ దేశపు ఐటీ శాఖ అయినా లోలోపల అనుకోకుండా ఉండదు. ఆ హాయికి దారి పసిఫిక్ మహాసముద్రంలో దొరికింది. దేశం పేరు టువాలు.

తొమ్మిది దీవులు, అంతా కలిపి 26 చదరపు కిలోమీటర్ల నేల, పదకొండు వేల చిల్లర జనం. మన దగ్గర మామూలు గ్రామీణ మండలం కూడా దీనికన్నా విశాలంగా ఉంటుంది. రాజధాని ఫునాఫుటిలో విమానం వచ్చే వేళకు సైరన్ మోగుతుంది. మిగతా వేళల్లో రన్‌వే మీద పిల్లలు బంతి ఆడుకుంటారు, పెద్దలు చల్లగాలికి కూర్చుంటారు. స్థలాన్ని ఇంత పొదుపుగా వాడుకునే దేశం మరొకటి ఉండదు. ఆ ఉన్న స్థలాన్నే సముద్రం ఏటా కొంచెం కొంచెంగా అడుగుతోంది.

2021 నవంబరులో విదేశాంగ మంత్రి సైమన్ కోఫే సూటూ టైతో సముద్రంలో నిలబడి, గ్లాస్గో వాతావరణ సదస్సుకు వీడియో ప్రసంగం పంపించారు. ఆయన పైకి మడుచుకున్న ప్యాంటు తడిసేంత లోతు నీళ్లవి. ప్రపంచం చలించిపోయింది, ఆ వీడియోను నలుగురికీ పంపింది, ఏసీ ఇంకో రెండు డిగ్రీలు తగ్గించుకుని పడుకుంది. మరుసటి ఏడాది ఈజిప్టు సదస్సులో ఆయన ఇంకో మాట చెప్పారు. మా భూమి మిగిలేట్టు లేదు కనుక దేశాన్నే డిజిటల్‌గా నిలుపుకుంటాం అని, తె అఫువాలికు అనే చిన్న దీవి నకలుతో ఆ పనికి శ్రీకారం చుట్టారు. ఆయన దాన్ని హెచ్చరికగా చెప్పారు. విన్నవాళ్లు మాత్రం ప్రాజెక్టుగా విన్నారు.

ఆ తర్వాత పనులు పద్ధతి ప్రకారం సాగాయి. 2023లో రాజ్యాంగాన్ని సవరించారు. నేల పోయినా, ఏ కారణంగా పోయినా, టువాలు అనే రాజ్యం శాశ్వతంగా ఉంటుందని అందులో రాసుకున్నారు. దీవులనూ దిబ్బలనూ త్రీడీలో కొలిపించారు. పౌరులకు డిజిటల్ గుర్తింపు ఇవ్వాలన్నారు. అంతా అయ్యాక, 2025 ఏప్రిల్‌లో, ప్రధాని ఫెలెటి టెయో చేతుల మీదుగా దేశానికి మొట్టమొదటి ఏటీఎం వచ్చింది.

మెటావర్స్ అనే కంప్యూటర్ తెర మీది లోకం ముందు, ఏటీఎం వెనక. ఈ వరస చూసి కొందరు అల్పబుద్ధులు నవ్వుతున్నారు. వారికి ప్రణాళికా రచన తెలియదు. ఏటీఎంకు కరెంటు కావాలి, అందులో నోట్లు నింపే మనిషి కావాలి, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా చూసుకోవాలి. అన్నింటికన్నా ముఖ్యం, అది పనిచేస్తోందో లేదో ఎవరైనా కార్డు పెట్టి చూడగలరు. మెటావర్స్‌లో ఆ ఇబ్బంది లేదు. సదస్సులో తెర మీద కనిపిస్తే చాలు, పనిచేసినట్టే. అప్పటిదాకా టువాలు జనం జీతాలు పడిన రోజున బ్యాంకు ముందు బారులు తీరి నోట్లు తీసుకునేవారు. ప్రపంచానికి ఆ బారు కనిపించలేదు, తెర కనిపించింది.

నిజానికి ఈ దేశానికున్న అతి సారవంతమైన భూమి రెండక్షరాల పొడవుంటుంది. ఇంటర్నెట్‌లో ప్రతి దేశానికీ ఒక గుర్తు పంచినప్పుడు టువాలుకు డాట్ టీవీ దక్కింది. అంతకుముందు తపాలా బిళ్లలు అమ్ముకున్న దేశం, దీన్ని అద్దెకిచ్చింది. ఆ డబ్బు అండతోనే 2000లో ఐక్యరాజ్యసమితిలో కుర్చీ సంపాదించింది. మన కుర్రాళ్లు తెల్లవార్లూ ఆటలు ప్రసారం చేసే ట్విచ్ చిరునామా చివర ఉన్నది ఆ దేశమే. పంట వేయక్కర్లేదు, నీటి తీరువా లేదు, కౌలుదారుతో పేచీ లేదు. భూసంస్కరణ అంటే ఇలా ఉండాలి.

ఇక న్యాయశాస్త్రం. 1933 నాటి మాంటెవీడియో ఒప్పందం ప్రకారం దేశం అనిపించుకోవాలంటే నాలుగుండాలి: స్థిరమైన జనాభా, నిర్దిష్టమైన భూభాగం, ప్రభుత్వం, ఇతర దేశాలతో వ్యవహరించే శక్తి. భూభాగం నీటిలో కలిస్తే దేశం ఉన్నట్టా లేనట్టా అని కోవిదులు తలలు పట్టుకుంటున్నారు. ఇంతదూరం ఆలోచించనక్కర్లేదు. తెలంగాణలో ఏ తహసీల్దారు కార్యాలయం ముందైనా చెట్టుకింద కాగితాల సంచితో కూర్చున్న రైతును అడిగితే చాలు. కాళ్లకింద ఉన్న నేల పోర్టల్‌లో కనబడకపోవడం, పోర్టల్‌లో కనబడే నేల కాళ్లకింద లేకపోవడం, ఈ రెంటి మీదా ఆయనకు సాధికారమైన అనుభవం ఉంది. 2020 అక్టోబరులో ధరణి వచ్చింది, 2023 ఎన్నికల సభల్లో దాని మీద కావలసినంత రభస జరిగింది, 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. ఇంత జరిగినా పొలం గట్టు మాత్రం జరగలేదు. మన దగ్గర పొలం కదలకుండా రికార్డు మారింది. టువాలులో రికార్డు మారకుండా పొలం కొట్టుకుపోతుంది. పరిపాలన దృష్టితో చూస్తే రెండోదే మేలు, దస్త్రం శుభ్రంగా ఉంటుంది.

మ్యుటేషన్ దరఖాస్తులు రావు. అన్నదమ్ముల పంపకాలు రావు. సర్వేయరు గొలుసు తడవదు.

ఒక్కటే చిన్న చిక్కు. దేశాన్ని క్లౌడ్‌లో పెట్టాలంటే ఆ క్లౌడ్ ఎక్కడో నేల మీద ఉండాలి. ఎస్టోనియా తన సమాచారాన్ని లక్సెంబర్గ్‌లో ‘డేటా రాయబార కార్యాలయం’ పెట్టి దాచుకుంది. టువాలు కూడా ఎవరో ఒకరి నేల మీద అద్దెకు దిగాలి. ఆ సర్వర్లకు రాత్రింబవళ్లు కరెంటు కావాలి, వాటిని చల్లబరచడానికి మళ్లీ కరెంటు కావాలి. ఆ కరెంటు బొగ్గుది అయితే, దేశాన్ని దాచుకునే పెట్టెలే దాన్ని ముంచే సముద్రానికి తలా కొంచెం వేడి పంపిస్తాయి. ఇంత స్వయంసమృద్ధమైన ప్రాజెక్టు మరొకటి లేదు. ముంపు వేగం పెరిగిన కొద్దీ నకలు అవసరం పెరుగుతుంది, టెండర్లకు లోటుండదు.

చుట్టుపక్కల దీవుల అనుభవం కూడా ఉత్సాహం కలిగించేదే. 2022 జనవరిలో అగ్నిపర్వతం బద్దలై టోంగాకు ఉన్న ఏకైక అంతర్జాతీయ కేబుల్ తెగిపోతే, ప్రధాన దీవికి దాన్ని అతికించడానికే అయిదు వారాలు పట్టింది. అదే ఏడాది నవంబరులో వనువాటు ప్రభుత్వ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి, ఉద్యోగులు వారాల తరబడి కలం కాగితం పట్టారు. కలం కాగితం పనిచేశాయన్న విషయం ఏ నివేదికలోనూ విజయగాథల కింద రాలేదు, ఎందుకంటే వాటికి వార్షిక నిర్వహణ ఒప్పందం ఉండదు.

టువాలు ప్రజలు మాత్రం ఆన్‌లైన్ సేవలను తిరస్కరించారని ఎవరూ అనలేరు. ఆస్ట్రేలియాతో కుదిరిన ఫలెపిలి ఒప్పందం కింద ఏటా 280 మంది అక్కడికి వెళ్లి స్థిరపడవచ్చు. 2025లో తొలి లాటరీ పెడితే, 25 ఆస్ట్రేలియా డాలర్ల రుసుము కట్టి, కుటుంబాలతో కలిపి 8,750 మంది పేర్లు నమోదయ్యాయి. దేశంలో అయిదుగురిలో నలుగురు! ఏ దేశపు డిజిటల్ పథకానికి ఇంత స్పందన వచ్చింది? దరఖాస్తు పరాయి ప్రభుత్వానిది, కోరిక వెళ్లిపోవడానికి అన్న చిల్లర వివరాలను పట్టించుకోకపోతే ఇది రికార్డే.

ఇక మిగిలింది ఒక లాంఛనం. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ పింఛను తీసుకునే పెద్దలు ఏటా నవంబరులో తాము బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. వేలిముద్ర పడకపోతే ముఖం చూపించాలి, ముఖం పడకపోతే వెలుతురున్న చోటికి వచ్చి మళ్లీ చూపించాలి. వాతావరణ సదస్సులు కూడా సాధారణంగా నవంబరులోనే జరుగుతాయి. టువాలు ప్రతినిధులు ఏటా అక్కడికి వెళ్లి తమ దేశం ఇంకా ఉందని చెప్పి, చూపించి, రుజువు చేసి వస్తున్నారు. ఆ పింఛనుదారుల్లో 80 ఏళ్లు దాటినవారికి అక్టోబరు నుంచే ఆ పత్రం ఇచ్చే వెసులుబాటు ఉంది. టువాలుకు స్వాతంత్ర్యం వచ్చింది 1978లో కనుక ఆ వయసు రావడానికి 2058 దాకా ఆగాలి. అప్పటిదాకా ప్రతి నవంబరులోనూ క్యూలో నిలబడక తప్పదు. ఆ పత్రంలో ‘శాశ్వత చిరునామా’ అనే గడికి ఎర్రచుక్క ఉంది, నింపనిదే దరఖాస్తు ముందుకు పోదు.